నాన్న చదివిన పద్యం

ఆ యేడు బేరి కాయలు వారం ముందే కోతకొచ్చాయి. అమ్మ పోయి అప్పటికి అయిదు నెలలు. ఆమె చూసుకునే పనులన్నీ నా నెత్తిన పడి ఊపిరి సలపని రోజుల్లో మా తమ్ముడు వెస్సెల్ ఉట్రెక్ట్ పట్నం నుంచి చేతులూపుకుంటూ దిగాడు. కోతకు సాయం చేయడానికి వచ్చాడనుకుని సంబరపడ్డాను. నా పిచ్చిగాని, వాడికి చిన్నప్పటి నుంచీ కాయ కోయడం కంటే కాయ మీద పద్యం రాయడమే సులువు.

"నాన్నా, నా పుస్తకం వస్తోంది. నవంబర్లో," అన్నాడు నిచ్చెన కింద నిలబడి.

నాన్న పైనుంచి దిగలేదు. "ఆ గంప ఇటు జరుపు," అన్నాడు.

వెస్సెల్ గంప జరిపాడు. "మొదటి పుస్తకం నాన్నా. ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చేస్తున్నారు. వాళ్ళే పిలిచి అడిగారు."

"మంచిది. తొడిమ ఊడకుండా కొయ్యి. తొడిమ ఊడితే కాయ నిలవుండదు."

వాడు నా వైపు తిరిగి, "చూశావా అక్కా, మనింట్లో బేరి కాయకున్న మర్యాద నాకు లేదు," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గాని చెవుల దాకా ఎర్రబడ్డాడు.

నాకు నవ్వు రాలేదు. వాడికి తెలియనిదీ నాకు తెలిసినదీ ఒకటి ఉంది. అది ఏప్రిల్ నుంచి గొంతులో ముల్లులా గుచ్చుతోంది.

అమ్మ పోవడానికి వారం ముందు, మంచం పక్కన కూర్చున్న నా చెయ్యి పట్టుకుని, "ఉత్తరాలు, కాగితాలు ఇక నువ్వే చూసుకో నేల్చె. మీ నాన్న చూడలేడు," అంది.

"కళ్ళద్దాలు మార్పిద్దాంలే అమ్మా."

"కళ్ళద్దాలు కాదే. ఆయనకు చదవడం రాదు."

నాకు ముప్ఫై నాలుగేళ్ళు. అన్నేళ్ళుగా ఒకే బల్ల దగ్గర ఆ మనిషితో కలిసి తింటున్నాను. ప్రతి ఆదివారం ఆయన దినపత్రిక తెరిచి పట్టుకునేవాడు, అమ్మ అటువైపు వంట చేస్తూ "అందులో ఏముందండీ" అని ఒక్కనాడూ అడిగేది కాదు. మందు డబ్బాల మీద రాతలు అమ్మే చూసి చెప్పేది. బడిలో మాస్టారు వీడికి రాదు పొమ్మని వెనక బెంచీలో కూర్చోబెట్టాడట, పన్నెండో యేట తాత తోటలోకి లాక్కొచ్చాడట. మిగతాదంతా అమ్మ తన వీపు వెనక దాచి నడిపించింది. అంత పెద్ద దాపరికం మా కళ్ళ ముందే కాపురం చేస్తుంటే నేనూ తమ్ముడూ కనిపెట్టలేకపోయామంటే, మేం మందబుద్ధులమో ఆవిడ గడుసుదో నాకిప్పటికీ తేలలేదు.

అమ్మ సమాధి దగ్గర నుంచి వచ్చిన సాయంత్రం నాన్న నన్ను కాయల గిడ్డంగిలోకి పిలిచాడు. "మీ అమ్మ చెప్పిందిగా," అన్నాడు.

"చెప్పింది."

"ఎవరికి తెలిసినా సరే. వెస్సెల్‌కి మాత్రం తెలియకూడదు. ఒట్టెయ్యి."

"వాడికి తెలిస్తే ఏమవుతుంది నాన్నా?"

"వాడు రాసేవాడు," అన్నాడు, అంతకంటే ఇంకేం చెప్పాలన్నట్టు. నేను ఒట్టేశాను. అంతకంటే పనికిమాలిన పని నా జన్మలో చేయలేదు.

అసలు వాళ్ళిద్దరి మధ్యా తెగింది ఎక్కడో నాకు తెలుసు. వెస్సెల్‌కి పందొమ్మిదేళ్ళప్పుడు, వాడి పద్యం మొట్టమొదటిసారి ఒక పత్రికలో వచ్చింది. ఎగురుకుంటూ ఇంటికొచ్చి, ఆ పేజీ తెరిచి నాన్న చేతిలో పెట్టి, "నువ్వు చదువు నాన్నా, నీ నోట ఎలా ఉంటుందో వినాలనుంది," అన్నాడు. నాన్న దాన్ని ఒక క్షణం చూసి, బల్ల మీదికి విసిరేసి, కొట్టంలోకి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత వాడు ఏ పద్యం అచ్చయినా ఆ పత్రిక పోస్టులో పంపేవాడు. నాన్న ఒక్కదాని గురించీ ఒక్క మాటా అనలేదు. వెస్సెల్ పగలు ఒక హోటల్లో గిన్నెలు తోముతూ, సాయంత్రాలు వేదికల మీద పద్యాలు చదివే పోటీలకు వెళ్ళేవాడు. నైమేఖెన్‌లో అలాంటి ఒక పోటీలో గెలిచినప్పుడే ఆ పుస్తకాలవాళ్ళ కంట్లో పడ్డాడు. ఆ రోజు వాడు చదివింది దేని గురించో మాకెవరికీ తెలియదు. నవంబర్లో తెలిసింది.

పుస్తకావిష్కరణ ఉట్రెక్ట్‌లో ఒక పుస్తకాల కొట్లో, శనివారం మధ్యాహ్నం. నాన్న అమ్మ సమాధి రోజున వేసుకున్న సూటే వేసుకున్నాడు, ఆయనకున్నది అదొక్కటే. మడత కుర్చీలో, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, చర్చిలో కూర్చున్నట్టు కూర్చున్నాడు. చుట్టూ వెస్సెల్ వయసు పిల్లలు వైన్ గ్లాసులు పట్టుకుని, ఫలానా పత్రిక ఎవరిని తిప్పి పంపిందో, ఎవరికి ఏ వేదిక దక్కిందో మాట్లాడుకుంటున్నారు. జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న ఒక అమ్మాయి, "మీరు వెస్సెల్ నాన్నగారా!" అని ఆయన చెయ్యి పట్టుకుని ఊపేసింది. ఆ పిల్ల కళ్ళలో జాలీ కుతూహలమూ కలిసి కనిపించాయి. నాకప్పుడే అనుమానం వచ్చింది.

వెస్సెల్ నాలుగు పద్యాలు చదివాడు. నాలుగోదాని పేరు 'చదవని మనిషి'.

*నా మాటలు కవరులో పెట్టి పంపాను,*
*ఆయన కవరును గిడ్డంగిలో పెట్టాడు, చలికి.*
*కాయలు మాగాయి. నేను మాగలేదు.*
*నాన్నా, నీ చేతిలో నా పేజీ తెల్లగానే ఉండిపోయింది.*

కొట్టంతా చప్పట్లు. ఆ చప్పట్లు కొడుతూ నలుగురైదుగురు తల తిప్పి మా వైపు చూశారు. నాన్న కూడా చప్పట్లు కొట్టాడు, అందరితో సమానంగా, అందరూ ఆపినప్పుడే ఆపాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. లేచి వాడి చెంప పగలగొట్టాలనిపించింది. ఆ వెంటనే, వాడికి నిజం తెలియదు కదా, తెలియనివ్వనిది నేనే కదా అనిపించి కుర్చీలోనే కుంచించుకుపోయాను.

సంతకాల బల్ల దగ్గర వెస్సెల్ మొదటి పేజీలో ఏదో రాసి నాన్నకు ఇచ్చాడు. "చదువు నాన్నా, ఏం రాశానో," అన్నాడు. పక్కన ఇద్దరు ముగ్గురు చూస్తున్నారు. నాన్న కళ్ళద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని, ఒకరు చదవడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు ఆ పేజీ చూశాడు. "బాగుంది," అని మూసి జేబులో పెట్టుకున్నాడు.

నేను తమ్ముణ్ణి అరల వెనక్కి లాక్కెళ్ళాను. "ఒరేయ్, నాన్న సంగతి నీకు తెలీదు."

"నాకు తెలిసినంత ఎవరికీ తెలీదక్కా. అందుకే రాశాను."

"తెలీదంటున్నానా."

"ఏం తెలీదో చెప్పు మరి."

"ఇంత కటువుగా రాయాలా," అని మాత్రం అన్నాను. వాడు నన్ను తోటపని తప్ప ఏమీ తెలియని అక్కను చూసినట్టు చూసి, "అది కవిత్వమక్కా," అన్నాడు.

తిరిగి వస్తుంటే కారు వాల్ నది వంతెన దాటాక నాన్న జేబులోంచి పుస్తకం తీసి, "ఏం రాశాడు లోపల?" అని అడిగాడు.

'ఒక్కటైనా చదువుతావని' అని రాశాడు వెస్సెల్. "ప్రేమతో, అని రాశాడు నాన్నా," అన్నాను.

ఇక సింట్ నికొలాస్ పండుగ ముంచుకొస్తోంది. డిసెంబర్ అయిదు సాయంత్రం ప్రతి ఇంట్లోనూ జరిగేదే: చీటీలు తీసుకోవాలి, ఎవరి పేరు వస్తే వాళ్ళకి ఒక కానుక కొని, దానితో పాటు వాళ్ళను ఆటపట్టిస్తూ ఒక పద్యం రాయాలి. రాసినవాళ్ళ పేరుండదు, గుర్రమెక్కి కానుకలు తెచ్చే సాధువు సింట్ రాసినట్టే లెక్క. కానుక అందుకున్నవాళ్ళు ఆ పద్యాన్ని అందరి ముందూ గట్టిగా చదవాలి. ఎంత పొడిచినా మొహం మాడ్చుకోకూడదు. నాన్న ఏటా చక్కగా చదివేవాడు, తడబాటు లేకుండా. నాన్న చీటీ ఏటా అమ్మకే ఎలా వచ్చేదో, పండుగ ముందు రెండు వారాలు వాళ్ళిద్దరూ కొట్టం తలుపు వేసుకుని ఏం చేసేవారో నాకు ఇప్పుడు అర్థమైంది. ఆవిడ చదివేది, ఆయన అప్పజెప్పేవాడు.

ఆ పని ఈసారి నేను చేద్దామనుకున్నాను. అమ్మ చెల్లెలు హిలీ పిన్ని చీటీలు రాస్తుంటే, నాన్న చీటీ మూల మడిచి పెట్టాను కూడా. ఆ లోపే వెస్సెల్ పిన్నికి ఫోన్ చేసి నాన్న చీటీ తనకి కావాలని అడిగి తీసేసుకున్నాడు.

"అదేంటి పిన్నీ, చీటీ అడిగి తీసుకోవడమేంటి!"

"కవిగాడు మొదటిసారి నోరు తెరిచి అడిగాడే. ఇవ్వనా? ఈసారి మీ నాన్నకి అసలు సిసలు పద్యం. తమాషాగా ఉంటుంది," అంది ఆవిడ.

కొంప మునిగిందనుకుని వెంటనే వాడికి ఫోన్ చేశాను. "నాన్న చీటీ నాకిచ్చెయ్. నాది నువ్వు తీసుకో."

"ఇవ్వను." తర్వాత మెల్లగా అన్నాడు. "అక్కా, ఆ రోజు ఆయన కూర్చున్న తీరు నాకు కళ్ళలోంచి పోవట్లేదు. సూటేసుకుని, చప్పట్లు కొడుతూ. పుస్తకంలో నేను మాట్లాడాను. ఇది వేరు. ఇది ఆయనకి రాస్తున్నాను, ఆయన ఒక్కడికే. తప్పు సరిదిద్దుకోనీ నన్ను."

"సరే, అయితే రాసి ముందు నాకు పంపు. చూసి పంపిస్తా."

"సింట్ పద్యం ముందే చూపించేవాడు ఎవడైనా ఉంటాడా? నీకేమైంది?"

"ఒక్కసారి పంపరా, నీ పుణ్యముంటుంది."

"పంపను. ఆయన మొదటిసారి చదివినప్పుడు నేను ఎదురుగా ఉండాలి," అని పెట్టేశాడు.

నాన్న బంగాళాదుంపలు తొక్క తీస్తున్నాడు. జరిగింది చెప్పాను. "గొంతు పోయిందని చెబుదాం నాన్నా. నేను చదువుతాను."

"మీ అమ్మ ఉండగా ఏ యేడూ గొంతు పోలేదు. ఈ యేడే పోయిందంటే ఏమనుకుంటారు?"

"నిజమే చెప్పేద్దాం. వాడు అర్థం చేసుకుంటాడు."

కత్తి ఆగింది. "జాలి పడతాడు," అన్నాడు. "వాడి జాలి నాకొద్దు. వాడి కోపమే నాకు నయం." మళ్ళీ తొక్క తీయడం మొదలుపెట్టాడు. ఆ మొండితనం చూసి నాకు ఆయన మీద ఎంత కోపం వచ్చిందో, వెస్సెల్ మీద కూడా అంత రాలేదు.

పండుగ సాయంత్రం నలుగురం బల్ల చుట్టూ కూర్చున్నాం. ఆకుకూరా బంగాళాదుంపా కలిపి మెదిపిన ముద్ద, మీద సాసేజి, తర్వాత మసాలా బిస్కెట్లు, ఒక్కొక్కరి పేరులో మొదటి అక్షరం ఆకారంలో చాక్లెట్. అమ్మ కుర్చీలో ఎవరూ కూర్చోలేదు, దాని మీద మా కోట్లు వేశాం. హిలీ పిన్ని తన పద్యం చదువుతూ తన నోటి దురుసు గురించి తనే పగలబడి నవ్వింది. నేను నాది చదివాను. నా ధ్యాస అక్కడ లేదు.

నాన్నకు వచ్చిన కానుక కొమ్మలు కత్తిరించే కొత్త కత్తెర. దానికి చుట్టి రెండు కాగితాలు, రెండువైపులా నిండుగా చేతిరాత. వెస్సెల్ రెండు చేతులూ బల్ల కింద పెట్టుకుని కూర్చున్నాడు. వేదికల మీద వందమంది ముందు బెదరనివాడు అక్కడ బెదిరిపోయాడు.

నాన్న లేచి నిలబడ్డాడు. కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

*"సింట్ గుర్రమెక్కి తోటల మీదుగా వస్తూ వస్తూ చూశాడు,*
*బురద బూట్ల పెద్దమనిషి ఇల్లంతా ముద్రలు వేశాడు.*
*తుడిచే ఆవిడ చీపురెత్తితే గుమ్మంలోంచే పరిగెత్తాడు,*
*చలికాలమంతా నిచ్చెన మీదే కాపురముంటూ గడిపేశాడు!"*

స్పష్టంగా, లయ తప్పకుండా చదివాడు. కాగితం కింద పెట్టాడు.

హిలీ పిన్ని నవ్వడం మొదలుపెట్టి సగంలో ఆపేసింది. "ఇది మా అక్క రాసింది కదూ? ఎప్పటిదో..." అంది. ఆవిడ కాగితాల వంక చూసింది, నా వంక చూసింది, బిస్కెట్ల పళ్ళెం దగ్గరికి లాక్కుంది.

నేను తమ్ముడి మొహమే చూస్తున్నాను. మొదట కోపం వచ్చింది వాడికి, తన పద్యాన్ని వెక్కిరించాడనుకున్నట్టున్నాడు. తర్వాత నాన్న కాగితాలను మడుస్తున్న తీరు చూశాడు. చాలా జాగ్రత్తగా, అంచు అంచుకు కలిపి మడుస్తున్నాడు. వెస్సెల్ చెయ్యి చాపి వాటిని మెల్లగా తీసుకుని తన జేబులో పెట్టుకున్నాడు.

"ఈ యేడు సింట్ బాగా రాశాడు నాన్నా," అన్నాడు.

"బాగా రాశాడు," అన్నాడు నాన్న, కూర్చుంటూ.

గిన్నెలు కడుగుతుంటే వాడు వెనకాలే వచ్చి నిలబడ్డాడు. "ఎప్పటి నుంచి తెలుసు నీకు?"

"ఏప్రిల్ నుంచి."

"పుస్తకం అచ్చుకి పోకముందే."

"ఆయన ఒట్టేయించుకున్నాడురా."

"ఒట్టు! నేను దేశం మీద పడి ఆయన్ని రాతి మనిషని చాటుతుంటే నువ్వు ఒట్టు పట్టుకుని కూర్చున్నావు. నేను పంపిన పత్రికలన్నీ ఏమయ్యాయి?"

చెప్పాలా వద్దా అనుకున్నాను. దాచి దాచి విసిగిపోయాను. "అమ్మ చదివి వినిపించేది. ఒక్కోటి రెండేసి సార్లు. ఆపేస్తే మళ్ళీ చదవమనేవాడట."

వాడు తడి నేల మీదే కూలబడిపోయాడు. చిన్నప్పుడు నిచ్చెన మీద నుంచి పడ్డప్పుడు కూడా అలా ఏడవలేదు. కాసేపటికి లేచి, మొహం కడుక్కుని, నాన్న దగ్గరికి వెళ్ళాడు. "నాన్నా, ఇది నేను చదివి వినిపిస్తాను," అని జేబులోంచి కాగితాలు తీశాడు.

"చదివాను కదా," అన్నాడు నాన్న. "అలిసిపోయాను. పడుకుంటా." మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

వెస్సెల్ ఆ రాత్రే చివరి రైలుకి వెళ్ళిపోయాడు. ఆ పద్యం ఇక ఎక్కడా చదవనని గుమ్మంలో నాతో అన్నాడు. నేను నమ్మాను.

పది రోజులకి వాడి పుస్తకం తొలి పుస్తకాల బహుమతికి ఎంపికైన అయిదింటిలో ఒకటిగా నిలిచింది. ఆదివారం పొద్దున రేడియోలోకి పిలిచారు. ముందు రోజు నాకు ఫోన్ చేశాడు. "వాళ్ళకి ఆ పద్యమే కావాలంటున్నారు."

"వేరేది చదువు."

"ఎందుకని అడుగుతారక్కా. అందరికీ తెలిసిన పద్యం అది. ఎందుకు మానేశానో ఏం చెప్పను?"

నేను ఫోన్ పెట్టేశాను.

ఆదివారం నాన్నా నేనూ వంటింట్లో కాఫీ తాగుతున్నాం. రేడియో పెట్టింది ఆయనే. వెస్సెల్ గొంతు వచ్చింది, పద్యం మొదలైంది. నేను లేచి ఆపబోతే నాన్న నా మణికట్టు పట్టుకున్నాడు. "ఉండనీ," అన్నాడు. మొత్తం విన్నాడు, తెల్లగా ఉండిపోయిన పేజీ దాకా.

రేడియో ఆవిడ నిట్టూర్చి, "ఎంత బాధ! ఇంతకీ మీ నాన్నగారు ఈ పుస్తకం చదివారా?" అని అడిగింది.

రేడియోలో నిశ్శబ్దం చాలా పొడుగ్గా ఉంటుంది. నాన్న వేళ్ళు నా మణికట్టు మీద బిగుసుకున్నాయి. ఆ పెద్ద మనిషి, నలభై ఏళ్ళు తోటను ఏలినవాడు, దొంగతనం బయటపడబోతున్న పిల్లవాడిలా ఊపిరి బిగబట్టాడు.

"చదివారు," అన్నాడు వెస్సెల్.

"ఏమన్నారు?"

"ఏమీ అనలేదు."

నాన్న నా చెయ్యి వదిలేశాడు. ఎర్రగా అయిదు వేళ్ళ గుర్తులు పడ్డాయి. "చెప్పలేదు," అన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, మొహం మాత్రం తేలికపడింది. అమ్మ పోయాక ఆయన మొహంలో ఊరట చూడటం నాకదే మొదలు. "వాడు చెప్పలేదు చూశావా."

"ఇక ఊరంతా నిన్ను కఠినాత్ముడంటుంది నాన్నా."

"అననీ," అన్నాడు. "కఠినుడన్నా తలెత్తుకు తిరగొచ్చు."

పావుగంటకి ఫోన్ మోగింది. వెస్సెల్. ఇంకా ఆ భవనం మెట్ల మీదే ఉన్నాడేమో, గాలి హోరు వినిపిస్తోంది. "విన్నాడా?"

"విన్నాడు."

"అక్కా, నిజం చెప్పు. ఏమన్నాడు?"

నాన్న వంక చూశాను. ఆయన బూట్లు తొడుక్కుంటున్నవాడల్లా ఆగి, తల అడ్డంగా ఊపాడు. ఒకసారి కాదు, రెండుసార్లు.

"ఏమీ అనలేదు," అన్నాను.